ఒక గౌను, రెండు దేశాలు

2017 జులై 19న అమెరికాలోని టెక్సస్ రాష్ట్ర శాసనసభ భవనం ముందు ఒక వింత నిరసన జరిగింది. ఆస్టిన్ నగరంలో జులై ఎండ ఎలా ఉంటుందో అక్కడి తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ ఎండలో పదిహేను మంది అమ్మాయిలు నేల మీద జీరాడే రంగురంగుల గౌన్లు వేసుకుని మెట్ల మీద వరసగా నిలబడ్డారు. పాటలు పెట్టుకుని డాన్స్ చేశారు. ఆ తర్వాత అదే అలంకరణతో లోపలికి వెళ్లి శాసనసభ్యుల కార్యాలయాల తలుపులు తట్టారు. వాళ్ల కోపం ఎస్‌బీ 4 అనే కొత్త చట్టం మీద. పోలీసులు ఏ కారణంతో ఎవరిని ఆపినా, చివరికి ట్రాఫిక్ తనిఖీలో ఆపినా, ‘నీకు ఈ దేశంలో ఉండే కాగితాలున్నాయా’ అని అడిగే వీలు ఆ చట్టం కల్పించింది. లాటినో యువతతో ఓటు వేయించే పనిలో ఉన్న జోల్ట్ అనే సంస్థ ఈ నిరసనను ఏర్పాటు చేసింది.

జీన్స్ ప్యాంట్లతో, ప్లకార్డులతో వచ్చి ఉంటే ఆ వార్త సాయంత్రానికే చల్లారిపోయేది. గౌన్ల వల్ల దేశమంతా తిరిగి చూసింది. ఆ గౌను ఎందుకు కుట్టిస్తారో టెక్సస్‌లో చాలామందికి విడమరచి చెప్పక్కర్లేదు. కూతురికి పదిహేనేళ్లు నిండిన రోజున లాటినో కుటుంబం ఆమెకు తొడిగే గౌను అది. ఆ వేడుక పేరు కిన్సెన్యేరా.

మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవులు, దక్షిణ అమెరికా మూలాలున్న వాళ్లను అమెరికాలో లాటినోలు అంటారు. 2020 జనగణన లెక్కన వాళ్లు 6 కోట్ల 21 లక్షల మంది, అంటే దేశ జనాభాలో దాదాపు అయిదో వంతు. సగానికి పైగా మెక్సికో మూలాల వాళ్లే. ఈ కుటుంబాల్లో ఆడపిల్ల పదిహేనో పుట్టినరోజు తరచూ ఒక చిన్న పెళ్లంత హడావుడి. ఇందులో పెళ్లికొడుకు ఒక్కడే ఉండడు.

రోజు చర్చిలో మొదలవుతుంది. అమ్మాయి గౌను, తల మీద చిన్న కిరీటంతో తల్లిదండ్రుల మధ్య నడుచుకుంటూ వచ్చి పీఠం ముందు కూర్చుంటుంది. దివ్యపూజలో ఫాదర్ ఆమెను ఆశీర్వదిస్తారు. జపమాల, బైబిలు, ఉంగరం, మెడలో వేసే పతకం, అన్నీ అక్కడే మంత్రించి ఇస్తారు. చాలా చోట్ల అమ్మాయి పూల గుత్తి తీసుకెళ్లి మరియమాత స్వరూపం ముందు పెడుతుంది. మెక్సికో వాళ్లయితే ఆ మాత గ్వాదలూపే మాత అయి తీరాలి.

చర్చి నుంచి హాలుకు వెళ్లేటప్పుడు లిమోజీన్ కారు వస్తుంది. హాలు దగ్గర అమ్మాయి పరివారం సిద్ధంగా ఉంటుంది: దామాలనే స్నేహితురాళ్లు, చంబెలాన్లనే కుర్రాళ్లు. పాత పద్ధతిలో ఏడు జంటలు, వాళ్లు పద్నాలుగు మంది, పదిహేనో మనిషి అమ్మాయి. ఇప్పుడు కొందరు కుర్రాళ్లతోనే సరిపెడుతున్నారు. వాళ్లందరూ నెలల తరబడి శనాదివారాల్లో రిహార్సల్ చేసిన వాల్స్ నృత్యం అక్కడ చూపిస్తారు. ప్యూర్టోరికో గాయకుడు చయాన్ 1990లో పాడిన ‘తియెంపో దే వాల్స్’ పాట ఇందుకోసమే పుట్టిందేమో అనిపించేంతగా ఈ వేడుకలకు అతుక్కుపోయింది. ఆ తర్వాత తండ్రీకూతుళ్ల వాల్స్. వచ్చిన ఆడవాళ్లలో కన్నీళ్లు తుడుచుకునేవాళ్లు ఎక్కువగా కనిపించేది ఇక్కడే.

ఇక చెప్పుల ఘట్టం. అమ్మాయి హాలు మధ్య కుర్చీలో కూర్చుంటుంది. తండ్రి మోకాళ్ల మీద వంగి, ఆమె కాళ్లకున్న చదును చెప్పులు విప్పి హైహీల్స్ తొడుగుతాడు. దానికి జోడుగా ‘ఆఖరి బొమ్మ’ అనే ఆచారం ఉంది. అమ్మాయి గౌను లాంటి గౌనే తొడిగిన ఒక బొమ్మను తల్లిదండ్రులు ఆమె చేతికిస్తారు. బాల్యానికి అదే చివరి ఆటవస్తువు. కొందరు దాన్ని చెల్లెలికి ఇచ్చేస్తారు, చాలామంది అలమారలో దాచుకుంటారు. కరీబియన్, దక్షిణ అమెరికా కుటుంబాల్లో పదిహేను కొవ్వొత్తుల ఆచారం కనిపిస్తుంది. తన జీవితంలో ముఖ్యమైన పదిహేను మందిని అమ్మాయి పేరుపేరునా పిలిచి, ఒక్కొక్కరికి ఒక కొవ్వొత్తి ఇచ్చి, వాళ్ల గురించి రెండు మాటలు చెబుతుంది. లిస్టులో పేరు లేని పిన్నిల అలకలు ఏ దేశంలోనైనా తప్పవు.

తిండి అయ్యాక లైట్లు ఆర్పేస్తారు. అమ్మాయి మాయమై పొట్టి డ్రెస్సులో తిరిగొస్తుంది. ఇది బైలే సొర్ప్రేసా, అంటే ఎవరికీ చెప్పకుండా తయారుచేసిన డాన్స్. హిప్‌హాప్, రెగెటోన్, కుంబియా, కొరియా పాప్ కూడా. ఆ పూట అమ్మాయి తన ఇష్టానికి చేసేది దాదాపు ఇదొక్కటే అని చెప్పొచ్చు. మిగిలినదంతా కుటుంబం కోసం.

ఇంత హంగు చూసి, ఇదేదో వేల ఏళ్ల నాటి ఆచారం అనుకుంటారు చాలామంది. అజ్టెక్ కాలం నుంచీ ఉందని పత్రికల్లో, పెళ్లిపత్రికల్లాంటి ఆహ్వానాల్లో కూడా రాస్తుంటారు. అందుకు ఆధారంగా చూపించేది పదహారో శతాబ్దంలో ఫ్రాన్సిస్కన్ సన్యాసి బెర్నార్దినో దే సహగూన్ సేకరించిన విషయాలను. ఈడొచ్చిన కూతురికి పెద్దలు చెప్పే బుద్ధిమాటలు అందులో ఉన్నాయి. నిజమే, కానీ ఈడొచ్చిన పిల్లకు బుద్ధి చెప్పని సమాజం ఎక్కడుంది? వాల్స్, గౌను, కిరీటం మాత్రం యూరప్ రాజదర్బారుల నుంచి దిగుమతి అయ్యాయి. 1864 నుంచి 1867 వరకు మెక్సికోను ఏలిన హాబ్స్‌బర్గ్ వంశపు చక్రవర్తి మాక్సిమిలియన్, అతని భార్య కార్లోటా ఈ బాల్ డాన్సులను తెచ్చారని చెప్పుకుంటారు. ఆయన్ను మెక్సికన్లు తుపాకులతో కాల్చి చంపారు, ఆయన వాల్స్‌ను మాత్రం ఉంచుకున్నారు. తర్వాత పోర్ఫిరియో దియాస్ పాలనలో ధనిక కుటుంబాలు ఫ్రెంచి పద్ధతులు అనుకరిస్తూ కూతుళ్లను ‘సమాజానికి పరిచయం’ చేసేవాళ్లు. పేదల ఇళ్లలోకి ఈ వేడుక రావడానికి ఇరవయ్యో శతాబ్దం సగం గడవాల్సి వచ్చింది. 1987లో మెక్సికో టీవీలో వచ్చిన ‘కిన్సెన్యేరా’ అనే సీరియల్ దాన్ని ఇంటింటి కలగా మార్చింది. అంటే ఇప్పుడు అమ్మమ్మలైన చాలామందికి ఇది తమ అమ్మమ్మల నాటి ఆచారమేమీ కాదు.

దేశానికో తీరు కూడా ఉంది. క్యూబాలో పార్టీ కన్నా ఫొటోలకు ప్రాధాన్యం. రోజంతా స్టూడియోలో గౌను మీద గౌను మారుస్తూ, పాత అమెరికన్ కార్ల పక్కన నిలబడి ఆల్బమ్ తీయించుకుంటారు. అందుకు డబ్బు పంపేది తరచుగా మయామిలో ఉన్న మేనమామో బాబాయో. ఆ మయామిలో క్యూబన్ అమ్మాయిలు విస్కాయా అనే పాత భవనం తోటల్లో ఫొటోలు దిగుతారు. మెక్సికో సిటీలో అయితే స్వాతంత్ర్య దేవత స్తంభం దగ్గర. బ్రెజిల్ వాళ్లు పోర్చుగీసు మాట్లాడతారు కాబట్టి పేరు వేరు, పదిహేనో ఏడు మాత్రం అదే.

అమెరికాకు వచ్చాక ఈ వేడుక ఎందుకు చిన్నదవలేదు, పైగా ఎందుకు పెరిగింది? అసలు కథ ఇక్కడుంది. జవాబు కోసం గౌను కన్నా ముందు ఆహ్వాన పత్రిక చూడాలి. పత్రిక లోపల ఒక పెద్ద జాబితా ఉంటుంది. కేకు పద్రీనోలు ఫలానా దంపతులు, గౌను మద్రీనా ఫలానా ఆవిడ, సంగీతం పద్రీనోలు ఫలానా వాళ్లు, కిరీటం, పూలు, హాలు, ఫొటోలు, చివరికి టేబుళ్ల మీద పెట్టే చిన్న బహుమతులు కూడా ఎవరివో ఒకరివి. క్యాథలిక్ సంప్రదాయంలో జ్ఞానస్నానం నాడు బిడ్డకు నిలిచే జ్ఞానతండ్రి, జ్ఞానతల్లులే అసలు పద్రీనో, మద్రీనాలు. ఆ బంధాన్ని ఈ వేడుక ఖర్చులోని ప్రతి పద్దుకూ విస్తరించింది. ఒక్కో పద్దును ఒకరు మోస్తారు. మోసినవాళ్లకూ అమ్మాయి తల్లిదండ్రులకూ మధ్య ఆ రోజు నుంచి కొంపాద్రే, కొమాద్రే అని పిలుచుకునే వరస కుదురుతుంది.

సొంత ఊళ్లో అయితే ఈ జాబితా మేనమామలతో, పెదనాన్నలతో నిండిపోయేది. చికాగోలోనో డాలస్‌లోనో దిగిన కుటుంబానికి రక్తసంబంధీకులు ఎంతమంది ఉంటారు? అప్పుడు తండ్రితో కలిసి ఇళ్ల పైకప్పులు వేసే మేస్త్రీ, తల్లితో హోటల్ గదులు శుభ్రం చేసే సహోద్యోగి, చర్చిలో పక్క బెంచీ ఆవిడ, తమ ఊరి నుంచే వచ్చిన సరుకుల కొట్టు యజమాని పద్రీనోలు అవుతారు. కొత్త ఊళ్లో చుట్టరికాన్ని సృష్టించుకునే పద్ధతి ఇది. ‘మాకు ఇక్కడ ఇంతమంది ఉన్నారు’ అని ఆ పత్రిక అచ్చులో చెబుతుంది. కిన్సెన్యేరాను గౌను, లిమోజీన్, కేకుల దుబారాగా మాత్రమే చూసేవాళ్లు ఈ జాబితాను చదవరు. వేడుకలో నిజంగా పాతదీ గట్టిదీ ఏదైనా ఉంటే అది ఇదే.

దుబారా లేదని కాదు. చికాగోలో లిటిల్ విలేజ్ అనే మెక్సికన్ పేటలో, 26వ వీధి పొడవునా, అద్దాల వెనక గౌన్లు గొడుగుల్లా విచ్చుకుని నిలబడి ఉంటాయి. లాస్ ఏంజెలస్ ఫ్యాషన్ డిస్ట్రిక్ట్‌లో సందులకు సందులే ఇవి అమ్ముతాయి. హాలు, భోజనం, డీజే లేదా మరియాచీ బృందం, డాన్స్ మాస్టరు, ఫొటోగ్రాఫరు, లిమోజీన్ కలిపితే మామూలు వేడుకకే వేల డాలర్లు దాటుతుంది. ఏకంగా ఓడ ప్రయాణాల ప్యాకేజీలు కొనేవాళ్లూ ఉన్నారు. గంటల కూలీ మీద బతికే ఇంట్లో తండ్రి రెండో ఉద్యోగం చేస్తాడు, తల్లి క్రెడిట్ కార్డు తీస్తుంది. అప్పు చేసి పప్పుకూడు అనే సామెత స్పానిష్‌లో లేకపోయినా పరిస్థితి అదే.

ఈ సంగతిని గట్టిగా ప్రశ్నించిన రచయిత్రి జూలియా అల్వారెస్. ఆమె న్యూయార్క్‌లో పుట్టి, డొమినికన్ రిపబ్లిక్‌లో పెరిగి, పదేళ్ల వయసులో నియంత త్రుహియో పాలన నుంచి తప్పించుకున్న కుటుంబంతో 1960లో మళ్లీ అమెరికా చేరారు. 2007లో వెలువడిన ‘వన్స్ అపాన్ ఎ కిన్సెన్యేరా’ కోసం ఆమె న్యూయార్క్ క్వీన్స్ ప్రాంతంలో ఒక డొమినికన్ అమ్మాయి వేడుకను మొదటి నుంచి చివరిదాకా వెంబడించారు. ఆమె బాధ డబ్బు గురించి మాత్రమే అయితే అది పాతపాటే అయ్యేది. అప్పటి లెక్కల్లో చదువు మధ్యలో మానేయడంలో, చిన్న వయసులో గర్భం దాల్చడంలో, ఆత్మహత్యా ప్రయత్నాల్లో లాటినా అమ్మాయిలు ముందున్నారు. ఒక్క రాత్రి రాకుమారిని చేసి, మర్నాటి నుంచి ఆ పిల్ల కాలేజీ చదువు గురించి ఎవరూ ఆ స్థాయిలో ఖర్చు పెట్టకపోతే ఎలా అని ఆమె అడిగారు. ఆ ప్రశ్నకు బరువుంది. అయినా ఆ పుస్తకం వేడుకను కొట్టిపారేయదు. కుటుంబంలోని ఆడవాళ్లందరూ ఒక అమ్మాయి చుట్టూ చేరే ఆ సందర్భంలో ఏదో విలువైనది ఉందని అల్వారెస్ ఒప్పుకుంటారు.

రేచెల్ వాలెంటీనా గొంజాలెస్ అనే జానపద పరిశోధకురాలు 2019లో ‘కిన్సెన్యేరా స్టైల్’ పుస్తకంలో మరో కోణం చూపించారు. హోటళ్లలో, పొలాల్లో, ఇళ్లల్లో పని చేస్తున్నా ఎవరి కంటికీ ఆనని మనుషులు ఆ ఒక్క రోజు అందరి కళ్లముందూ నిలబడతారు. పెద్ద హాలు, పెద్ద గౌను ‘మేమూ ఈ దేశంలో ఒక స్థాయి ఉన్నవాళ్లమే’ అని చెప్పే మార్గం. ఈ వాదనలో నిజం ఉంది. అయితే వస్తువులు కొని గౌరవం చూపించుకోవాల్సిన పరిస్థితి ఎందుకొచ్చిందనే అసలు ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

చర్చికి ఈ వేడుకతో ఎప్పుడూ కొంచెం ఇబ్బందే. ఇది ఏడు దివ్యసంస్కారాల్లో ఒకటి కాదు. సంవత్సరమంతా పూజకు రాని కుటుంబం గౌను ఫొటో కోసం పీఠం ముందుకు వస్తుందని విచారణ గురువులు విసుక్కునేవాళ్లు. కొన్ని మేత్రాసనాలు (బిషప్పుల పరిధులు) ముందుగా క్లాసులకు హాజరు కావాలని, అమ్మాయి జ్ఞానోపదేశం పూర్తిచేసి ఉండాలని షరతులు పెట్టాయి. ఇంకొక దారి పట్టినవాళ్లూ ఉన్నారు. శాన్ ఆంటోనియోలోని మెక్సికన్ అమెరికన్ కల్చరల్ సెంటర్‌లో పనిచేసిన సిస్టర్ ఆంహెలా ఎరేవియా ఈ వేడుకను విశ్వాస బోధనకు వాడుకోవచ్చని చెబుతూ 1980లో దానికి మార్గదర్శి రాశారు. చివరకు 2007లో అమెరికా బిషప్పుల కోసం పదిహేనో పుట్టినరోజు ఆశీర్వాద క్రమాన్ని ఇంగ్లిష్, స్పానిష్ రెండింటిలోనూ వాటికన్ ఆమోదించింది. ప్రజలు ముందు నడిచారు, చర్చి వెనక వచ్చి చేరింది.

తల్లుల లెక్క వేరే. 1990ల మొదట్లో చికాగోలోని మెక్సికన్ ఇళ్లలో పరిశోధన చేసిన కారెన్ మేరీ దావలోస్, ఫాదర్లు ఈ వేడుకకు చెప్పే అర్థానికీ తల్లులు చెప్పే అర్థానికీ పొంతన లేదని గమనించారు. ఫాదర్లకు అది నైతిక బోధన అవకాశం. తల్లులకు అది కూతురిని మెక్సికన్‌గా నిలబెట్టే పని. అమెరికాలో పుట్టి, ఇంగ్లిష్‌లో కలలు కనే పిల్ల తమ మనిషేనని నలుగురి ముందు చెప్పించే రోజు.

పిల్లల వైపు నుంచి చూస్తే దీని బరువు తెలుస్తుంది. 2023లో ప్యూ పరిశోధన సంస్థ ప్రచురించిన సర్వేలో, లాటినో పెద్దవాళ్లలో దాదాపు నాలుగోవంతు మంది తమకు స్పానిష్‌లో అంతంతమాత్రంగానే మాట్లాడటం వచ్చని, లేదా అసలు రాదని చెప్పారు. అలాంటివాళ్లలో సగానికి పైగా, 54 శాతం, ఈ కారణంగా తోటి లాటినోలే తమను చిన్నబుచ్చారని అన్నారు. అదే సర్వేలో 78 శాతం మంది లాటినోగా ఉండటానికి స్పానిష్ తప్పనిసరి కాదని కూడా చెప్పారు. మాటకు, చేతకు మధ్య ఈ దూరం అర్థమైతే కిన్సెన్యేరా ఎందుకు అవసరమవుతోందో అర్థమవుతుంది. స్పానిష్ సరిగా రాని పిల్ల ఆ రోజు చర్చిలో తన విశ్వాస వాగ్దానాన్ని తరచూ స్పానిష్‌లోనే చదవాల్సి వస్తుంది. చీటీ మీద రాసుకుని, అమ్మమ్మ దగ్గర పదిసార్లు చదివి వస్తుంది. తడబడుతుంది. అయినా చదువుతుంది. భాష జారిపోతున్న ఇంట్లో ఒక ఆచారం చేతికి దొరికితే గట్టిగా పట్టుకుంటారు. కాబట్టి స్వదేశంలో సాదాసీదాగా జరిగేది పరాయి దేశంలో పెద్దదవుతుంది.

ఇష్టం లేని అమ్మాయిల మాటేమిటి? పార్టీ బదులు ఆ డబ్బుతో యాత్రకు వెళ్తాననేవాళ్లు, కారు కొనిపెట్టమనేవాళ్లు, ‘అన్నయ్యకు లేని ఈ తతంగం నాకెందుకు’ అని నిలదీసేవాళ్లు ప్రతి తరంలోనూ ఉన్నారు. వేడుక మూలంలో ఉన్నది ‘పిల్ల పెళ్లికి ఎదిగింది’ అనే ప్రకటనే కదా. ఈ గొడవను బాగా చూపించిన కథ 2017లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘వన్ డే ఎట్ ఎ టైమ్’. లాస్ ఏంజెలస్‌లో ఒక క్యూబన్ కుటుంబం. సైన్యంలో పనిచేసి వచ్చిన నర్సు తల్లి, రీటా మొరేనో నటించిన అమ్మమ్మ, ఆడవాళ్ల హక్కుల గురించి మాట్లాడే కూతురు ఎలేనా. మొదటి సీజన్ మొత్తం ఎలేనా కిన్సెన్యేరా చుట్టూ తిరుగుతుంది. తనకు అమ్మాయిలంటే ఇష్టమని ఎలేనా చెప్పాక, గౌనులో ఆ పిల్ల ఎంత ఇబ్బంది పడుతోందో అమ్మమ్మ గమనించి, తెల్లని సూట్ తయారు చేసి ఇస్తుంది. తండ్రి మాత్రం తండ్రీకూతుళ్ల డాన్స్ వేళకు వెళ్లిపోతాడు. తల్లి, తర్వాత ఇంటిల్లిపాదీ వచ్చి ఆ డాన్స్ పూర్తి చేస్తారు. కామెడీ సీరియల్‌లో వచ్చిన ఆ దృశ్యం ఎన్నో వ్యాసాల కన్నా సూటిగా ఉంది.

అంతకు ముందే, 2006లో ‘కిన్సెన్యేరా’ పేరుతోనే ఒక చిన్న బడ్జెట్ సినిమా సన్‌డాన్స్ ఉత్సవంలో జ్యూరీ బహుమతి, ప్రేక్షకుల బహుమతి రెండూ గెలిచింది. దర్శకులు రిచర్డ్ గ్లాట్జర్, వాష్ వెస్ట్‌మోర్‌లాండ్ లాటినోలు కారు. లాస్ ఏంజెలస్‌లోని ఎకో పార్క్‌లో పక్కింటివాళ్లు తమ అమ్మాయి వేడుకకు ఫొటోలు తీయమని పిలిస్తే వెళ్లి, అక్కడ కథ పట్టుకున్నారు.

ఇంటర్నెట్ కాలంలో వేడుక అదుపు తప్పిన సందర్భం కూడా ఒకటుంది. 2016 డిసెంబర్‌లో మెక్సికోలోని సాన్ లూయిస్ పొతోసీ రాష్ట్రంలో ఒక రైతు తన కూతురి పదిహేనో పుట్టినరోజుకు అందరూ రావాలని వీడియోలో పిలిచాడు. ‘అందరూ’ అంటే ఆయన దృష్టిలో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. ఫేస్‌బుక్‌లో పది లక్షలకు పైగా జనం వస్తామని నొక్కారు. డిసెంబర్ 26న నిజంగానే వేలమంది దిగారు, పోలీసులు, రెడ్‌క్రాస్ వాళ్లు కాపలా కాయాల్సి వచ్చింది. వేడుకలో భాగంగా పెట్టిన గుర్రప్పందెంలో ఒక మనిషి గుర్రాల కింద పడి చనిపోయాడు. అమ్మాయి రాత్రికి రాత్రి దేశమంతా తెలిసిన ముఖమైంది. అది ఆమె కోరుకున్నది అయి ఉంటుందా అన్నది వేరే సంగతి.

వలస కుటుంబాలకు ఇంతకన్నా పెద్ద చిక్కు సరిహద్దు. డిసెంబర్ సెలవుల్లో సొంత ఊరికి వెళ్లి, తాతల ఇంటి ముందు పందిరి వేసి, అక్కడే కిన్సెన్యేరా జరుపుకోవాలని చాలామందికి ఉంటుంది. ఖర్చు తక్కువ, చుట్టాలు ఎక్కువ. కాని అమెరికాలో పుట్టిన కూతురికి పాస్‌పోర్టు ఉంటుంది, తండ్రికి కాగితాలుండవు. ఆయన దాటితే తిరిగి రావడం కష్టం. అందుకని కొన్ని ఇళ్లలో కూతురు వెళ్లి డాన్స్ చేస్తే తండ్రి ఫోనులో చూస్తాడు. ఇంకొన్ని ఇళ్లలో వేడుక అమెరికాలోనే జరుగుతుంది, అమ్మమ్మ వీసా రాక ఫోనులో చూస్తుంది. 2025 జూన్‌లో లాస్ ఏంజెలస్‌లో ఇమిగ్రేషన్ అధికారుల దాడులు మొదలైనప్పుడు ఫ్యాషన్ డిస్ట్రిక్ట్ సందులు బోసిపోయాయి. పదిమంది చేరే చోటుకు వెళ్లాలంటేనే భయపడే రోజుల్లో రెండు వందల మందిని హాలుకు పిలవడం మామూలు విషయం కాదు.

ఈ పాటికి తెలుగు పాఠకులకు వోణీల ఫంక్షన్ గుర్తొచ్చే ఉంటుంది. డాలస్, హ్యూస్టన్, న్యూజెర్సీల్లో తెలుగు కుటుంబాలు బాంక్వెట్ హాలు తీసుకుని, స్నేహితురాళ్లతో ఎంట్రీ డాన్స్ పెట్టి, తెర మీద చిన్నప్పటి ఫొటోలు వేసి చేసే ఆ వేడుకను అమెరికన్ సహోద్యోగులకు వివరించాల్సి వచ్చినప్పుడు చాలామంది ‘కిన్సెన్యేరా లాంటిది’ అనే చెబుతారు. పోలిక బాగానే కుదురుతుంది. మేనమామ తెచ్చే బట్టలు, చదివింపులు, అమ్మమ్మ కోసం చేసే తతంగం, పిల్లకు నచ్చే డాన్స్, అన్నీ ఉన్నాయి. ఒక తేడా మాత్రం చిన్నది కాదు. మన వేడుక పుట్టింది పిల్ల పెద్దమనిషి కావడం నుంచి. ఆ పిల్ల ఒంట్లో జరిగిన మార్పును ఊరంతా తెలుసుకుంటుంది. కిన్సెన్యేరా క్యాలెండరును బట్టి వస్తుంది. పదిహేనేళ్లు అందరికీ ఒకేలా నిండుతాయి, ఎవరి ఒంటి సంగతీ ఎవరికీ తెలియనక్కర్లేదు. అమెరికాలోని తెలుగు ఇళ్లలోనూ ఇప్పుడు ఫంక్షన్ తేదీని తాతా అమ్మమ్మల వీసా, వేసవి సెలవులు, హాలు దొరికే రోజు నిర్ణయిస్తున్నాయి. ఈ విషయంలో లాటినో పద్ధతి మేలు అనిపిస్తే అందులో తప్పేమీ లేదు.

స్పెయిన్ మూడు వందల ఏళ్లకు పైగా పాలించిన ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన వాళ్లు పద్దెనిమిదో ఏట ‘దెబూ’ అనే ఇలాంటి వేడుకే చేస్తారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎవెలిన్ ఇబాతన్ రోడ్రిగెజ్ 2013లో ఒక పుస్తకమే రాశారు. పదిహేనో ఏట కుదరనివాళ్లూ ఉన్నారు. టెక్సస్ సరిహద్దు పట్టణం లరేదోలో పెరిగిన రచయిత్రి, జానపద పండితురాలు నోర్మా కాంటూ తన యాభయ్యో పుట్టినరోజుకు ‘సింక్వెంతన్యేరా’ జరుపుకుని, దాని గురించి పరిశోధన వ్యాసం కూడా రాశారు. మగపిల్లలకు చేసే ఇళ్లూ పెరుగుతున్నాయి.

మీ అమ్మాయి క్లాసులో చదివే లాటినా పిల్ల ఇంటి నుంచి పిలుపు వస్తే వెళ్లండి. పత్రికలో చర్చి వేళ కూడా రాసి ఉంటే దానికీ వెళ్లొచ్చు, క్యాథలిక్కులు కానక్కర్లేదు. అమ్మాయి గౌను ఏ రంగో ముందే కనుక్కుని ఆ రంగు చీర కట్టకండి. కవరులో డబ్బు పెట్టి ఇవ్వడం అక్కడా మామూలే. ఒకవేళ ఆ తల్లిదండ్రులు మిమ్మల్ని పద్రీనోలుగా ఉండమని అడిగితే ఏ పద్దుకో, ఎంత అవుతుందో మొహమాటం లేకుండా అడగండి. ఒప్పుకున్నాక మీ పేరు పత్రికలో అచ్చవుతుంది, ఆ ఇంటివాళ్లు మిమ్మల్ని ఇక కొంపాద్రే, కొమాద్రే అనే పిలుస్తారు.